పెండ్లి గుర్రానికి రంగు కాదు, బరువు చూడాలి

సంపాదకులకు,

పెండ్లిళ్ల సీజన్ గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన కథనంలో, వరంగల్‌లో బరాత్‌లకు తిప్పే గుర్రాలన్నీ ‘అరబ్బీ గుర్రాలు’ అని రాశారు. ఫొటోలో ఉన్నది అరబ్బీ కాదు. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతున్నాయంటే అది మార్వాడీ గానీ, దాని దగ్గరి చుట్టం కాఠియావాడీ గానీ అయి ఉంటుంది. అరబ్బీకి చెవులు పొట్టి, కండ్ల కింద ముఖం కాస్త లోపలికి నొక్కినట్టుంటుంది, పరుగెత్తితే తోక పైకి లేస్తుంది. ఎడారిలో దూరాలు నడిచే ఓపిక కోసం పెంచిన జాతి అది.

పేరు తప్పితే తప్పింది గానీ, పని జాతిని బట్టే ఉంటుంది. మలక్‌పేట రేసుల్లో ఉరికే థరోబ్రెడ్‌కు గేటు తెరవగానే దూకడమే నేర్పుతారు. రేసుల్లోంచి తీసేశాక దాన్ని తెచ్చి డీజే ముందు, పటాకుల నడుమ నిలబెడితే బెదరక ఏం చేస్తుంది?

నాటు తట్టువలు (పొట్టి రకం గుర్రాలు) గట్టివే, కానీ చాలావాటి బరువు 200–250 కిలోలే. గుర్రం వీపు మీద దాని బరువులో ఐదో వంతు మించకూడదన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. అంటే జీనుతో కలిపి 40–50 కిలోలు. 80 కిలోల పెండ్లికొడుకు, ముందు తోడు పెండ్లికొడుకు ఎక్కితే ఇక దాని నడుము సంగతి చెప్పేదేముంది! అదే తట్టువను తేలికపాటి బగ్గీకి కట్టొచ్చు, చక్రాల మీది బరువు లాగడం వేరు. బగ్గీ వెనక జనరేటర్ ఎక్కించనంత వరకే ఈ మాట.

తెల్లవాటిలో చాలావరకు నల్లగానో ఎర్రగానో పుట్టి, ఏండ్లు గడిచేకొద్దీ నెరిసినవే. మూతి దగ్గర చర్మం నల్లగా ఉంటే ఆ రకం. గులాబీ రంగులో ఉంటే పుట్టుకతోనే తెల్లగా ఉండే నుక్రా, ఎండకు దాని మూతి కమిలి పొక్కుతుంది. మధ్యాహ్నం ఎదుర్కోళ్లకు దాన్ని తేకండి. అసలు 37 డిగ్రీలు దాటేచోట 12 నుంచి 3 గంటల వరకు ఏ గుర్రంతోనూ బండి లాగించకూడదని, బరువు మోయించకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి.

బయానా ఇచ్చే ముందు జీను తీయించి వీపు చూడండి. పుండ్లుంటే వద్దనండి. పెదవుల మూలలు చీలితే ముళ్ల కళ్లెం వాడినట్టు అనుమానించాలి, అదీ నిషేధమే. పది అడుగులు నడిపించండి. ముందు కాలు మోపినప్పుడల్లా తల ఎగరేస్తుంటే ఆ కాలిలో నొప్పి ఉన్నట్టే. లాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి విప్పి డెక్క చెక్కించాలి, అరిగిన లాడం సిమెంటు రోడ్డు మీద జారుతుంది. ముక్కు కారుతూ, కాళ్ల మీద గడ్డలుంటే దగ్గరికి పోవద్దు, పశువైద్యుడికి చెప్పండి. గ్లాండర్స్ అనే అంటురోగం కావచ్చు, అది మనుషులకూ సోకుతుంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన గుర్రమైతే రక్తపరీక్ష కాగితం అడగండి.

పెండ్లివారు ప్రేమతో అన్నం, లడ్డూలు పెడుతుంటారు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికొస్తుంది. బకెట్ నీళ్లు, గుప్పెడు పచ్చిగడ్డి చాలు.

– విశ్రాంత పశువైద్యుడు, హనుమకొండ