పెద్ద కచేరీ టికెట్‌లో చిన్న వేదికకూ వాటా కావాలి

సంపాదకుడు గారికి,

స్టేడియం కచేరీల టికెట్లు నిమిషాల్లో అమ్ముడైపోతే సంగీతానికి మంచి రోజులొచ్చాయని అనుకుంటాం. ఏ కంపెనీ అండా లేకుండా ఊరూరా తిరిగి పాడే స్వతంత్ర కళాకారుల పరిస్థితి అలా లేదు.

మొదట్లో మరొకరి కచేరీకి ముందు ఓ అరగంట పాడతారు, చాలాసార్లు ఉచితంగానే. తర్వాత వందమంది పట్టే హాల్లో టికెట్ వసూళ్లలో వాటా దొరుకుతుంది. వ్యాను అద్దె, బస, పక్కవాద్యాల వాళ్ల పారితోషికం, సౌండ్ ఇంజినీర్ ఫీజు అన్నీ అందులోంచే. చేతిలో ఏమైనా మిగిలితే అది టీషర్టులు, రికార్డులు అమ్ముకున్న డబ్బే. దాంట్లోనూ కమీషన్ పట్టుకునే హాళ్లున్నాయి. ఇది అన్యాయం. జ్వరమొచ్చి ఒక్క షో రద్దయిందంటే రాబడి పోతుంది, ఖర్చు మాత్రం ఆగదు.

ఆన్‌లైన్‌లో వింటున్నారు కదా అంటారు. గడిచిన 12 నెలల్లో కనీసం వెయ్యిసార్లు ప్లే కాని పాటకు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ లెక్కే కట్టడం లేదు. ఆ నిబంధన దెబ్బ ముందుగా తగిలేది కొత్తవాళ్లకే.

పోనీ, పేరొచ్చాక కుదుటపడతారా? బ్రిటిష్ ర్యాపర్ లిటిల్ సిమ్జ్ 2022లో అమెరికా టూర్ రద్దు చేసుకున్నారు. స్వతంత్ర కళాకారిణిగా ఖర్చులన్నీ తానే భరించాలని, నెల రోజుల టూర్ పెద్ద నష్టమే మిగులుస్తుందని ఆమే చెప్పారు. అదే ఏడాది ఆమెకు, ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది! అంతటి మనిషికే గిట్టుబాటు కాకపోతే నిన్నమొన్న మొదలుపెట్టినవాళ్లు ఎన్నాళ్లు తట్టుకుంటారు?

ఫ్రాన్స్‌లో కచేరీ టికెట్ల రాబడిపై 3.5 శాతం పన్ను వసూలు చేసి, ఆ డబ్బును సంగీత రంగానికే మళ్లిస్తారు. ఏడాదిలో 507 గంటలు పనిచేసినట్టు చూపించిన కళాకారులకు, పని దొరకని రోజుల్లో భృతి కూడా ఇస్తారు. ఊళ్లు తిరిగే కళాకారుడికి ఇంతకంటే పెద్ద ధైర్యం ఏముంటుంది? బ్రిటన్ ప్రభుత్వం మాత్రం పెద్ద కచేరీల టికెట్లపై చిన్న వేదికల కోసం కొంత మొత్తం స్వచ్ఛందంగా ఇవ్వమని 2024లో పరిశ్రమను కోరింది. నా ఉద్దేశంలో స్వచ్ఛందం చాలదు. ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఎగ్గొట్టేవాళ్లు ఎగ్గొడతారు. ఈ వాటాను చట్టంలోనే పెట్టాలి. అది హాలు యజమాని దగ్గరే ఆగిపోకుండా, పాడేవాళ్ల చేతికీ అందాలి.

మీ పత్రికకూ ఒక మనవి. స్టేడియం కచేరీల ఫొటోలు వేసే పేజీలోనే, ఆ వారం చిన్న హాళ్లలో జరిగే కచేరీల వివరాలు కూడా ప్రచురించండి.

ఇట్లు,
ఒక సంగీతాభిమాని