వార్షిక నివేదిక: కాకినాడ తీరానికి శరత్కాల పక్షి వీక్షణ యాత్ర

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

నెలవారీ చెరువుగట్టు నడకలు, బడిపిల్లల పరిచయ తరగతులు ఈ సంవత్సరం కూడా ఎప్పటిలాగే సాగాయి కనుక వాటి వివరాలను అనుబంధానికి వదిలి, కార్తీక మాసంలో కాకినాడ తీరానికి చేసిన యాత్ర గురించే ఇక్కడ విపులంగా రాస్తున్నాను. వచ్చే ఏటి కార్యక్రమ పట్టిక దీని అనుభవం మీదే ఆధారపడి ఉంది.

యాత్ర తేదీని సెలవును బట్టి కాక సముద్రపు పోటును బట్టి నిర్ణయించాలని కార్యవర్గం ఈసారి తీర్మానించింది. కాకినాడలోని కుంభాభిషేకం రేవు దగ్గర ఆటు వేళ బురద మేటలు కనుచూపు మేర బయటపడతాయి. పక్షులు నీటి అంచు వెంట చెదిరిపోయి టెలిస్కోపులో కూడా చుక్కల్లాగే ఉంటాయి. పోటు ఎక్కేకొద్దీ మేత జాగా తగ్గి అవి గుంపులుగా గట్టు వైపు జరుగుతాయి. అందువల్ల నిండుపోటుకు ముందున్న రెండు మూడు గంటలే మనకు అసలు పనికివచ్చే సమయం. అమావాస్య, పౌర్ణమిలకు పోటు పెద్దదనీ, అష్టమి ప్రాంతంలో చిన్నదనీ, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందనీ అక్కడి మత్స్యకారులను ఎవరిని అడిగినా చెబుతారు. పౌర్ణమి దాటిన ఆదివారాన్ని ఎంచుకోవడంతో వనసమారాధనలున్న సభ్యులు కొందరు రాలేకపోయారు. వారి అభ్యంతరం న్యాయమైనదే గాని, పోటును వాయిదా వేయించే అధికారం కార్యవర్గానికి లేదు.

ఆ ఉదయం ముందుగా దగ్గరకు వచ్చినవి యూరేసియన్ కర్ల్యూలు అనే పెద్ద తీరపక్షులు. వాటిలో ఒకటి తన పొడవాటి వంపు ముక్కును బొరియలోకి కళ్ళదాకా దించి పీతను పైకి లాగి, కాళ్ళు ఒక్కొక్కటీ ఊడిపోయేదాకా విదిలించి, మిగిలిన డిప్పను గాలిలోకి ఎగరేసి మింగడాన్ని కొత్త సభ్యులందరూ వంతులవారీగా టెలిస్కోపులో చూశారు. నిండుపోటు వేళకు ఇసుక దిబ్బ మీద గల్ బిల్డ్ టెర్నులు, కాస్పియన్ టెర్నులు అనే నీటిపక్షుల మధ్య ఇండియన్ స్కిమ్మర్ల గుంపు కనిపించింది. అన్నీ గాలికి ఎదురుగా ఒకే దిక్కుకు తిరిగి కూర్చున్నాయి. చంబల్ వంటి నదుల ఇసుక తిన్నెల మీద వేసవిలో గుడ్లు పెట్టే ఈ పక్షులకు కాకినాడ తీరం ముఖ్యమైన చలికాలపు విడిది. పై ముక్కు కంటే కింది ముక్కు పొడవుగా ఉండటం, ఎగురుతూనే దానితో నీటిని చీల్చి చేపను పట్టడం పుస్తకాలలో చదివినవారే అందరూ, కానీ ఈసారి అది కళ్ళెదుటే జరిగింది.

చూసిన పక్షుల జాబితా విషయంలో కొంత కఠినంగా వ్యవహరించవలసి వచ్చింది. అంతరించే ప్రమాదంలో ఉన్న గ్రేట్ నాట్ అనే తీరపక్షిని చూశామని ఇద్దరు సభ్యులు తెలిపారు. ఈ తీరంలో అది అసంభవం కాదు, కానీ ఛాయాచిత్రం గాని, ఛాతీ మీది మచ్చలూ ముక్కు పొడవూ గుర్తించిన వివరణ గాని లేనందున దాన్ని జాబితాలో చేర్చలేదు. అలాగే లెస్సర్ శాండ్ ప్లోవర్ అనే చిన్న తీరపక్షిని ఇటీవల సైబీరియన్, టిబెటన్ అనే రెండు జాతులుగా విడదీసినప్పటికీ, చలికాలపు ఈకలతో వాటిని వేరుచేయడం కష్టం కనుక రెండింటినీ ఒకే పద్దు కింద రాశాం. చిన్న జాబితా వల్ల నష్టం లేదు. తప్పుడు జాబితాను మాత్రం తరువాత ఎవరూ సరిదిద్దలేరు.

మధ్యాహ్నం కోరింగ అభయారణ్యంలో చెక్కబాట మీద నడిచాం. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ మడ అడవికి 1978లో అభయారణ్య హోదా వచ్చింది. తెల్లమడ, తిల్ల చెట్ల నీడలో ఒక నల్లతల లకుముకి పిట్ట తప్ప చెప్పుకోదగిన పక్షులు కనబడలేదు. ఆ ఎండవేళ అంతకంటే ఆశించకూడదు కూడా. తుపానుల కాలం కావడంతో కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవికి పడవ ప్రయాణం పెట్టుకోలేదు.

ఖర్చుల లెక్క కోశాధికారి నివేదికలో ఉంది. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకు ఇదే తీరంలో పాల్గొనదలచినవారు పేర్లను ఈ నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వాలి. సంఘం టెలిస్కోపులలో ఒకదాని మూడుకాళ్ళ స్టాండు ఉప్పుగాలికి బిగుసుకుపోయినందున, సొంత స్టాండు ఉన్నవారు వెంట తెచ్చుకోగలరు.