ఆ తరగతులకు నువ్వు కూడా వెళ్ళు

చిరంజీవి నాయనకు,
అమ్మ ఆశీస్సులు.

పాపకు టీకాలు వేయించడానికి వెళ్ళినప్పుడు, పసిపిల్లలకు ఊబకాయం రాకుండా చూసుకోవడం గురించి తల్లిదండ్రులకు నడిపే తరగతుల సంగతి నర్సు చెప్పిందని, కోడలు తన పేరు ఇచ్చి వచ్చిందని రాశావు. పాప బొద్దుగా కూడా లేదు కదా, ఏడో నెలలోనే ఇవన్నీ అవసరమా అని అడిగావు. అవసరమే. అంతేకాదు, కోడలితో పాటు నువ్వు కూడా తప్పకుండా వెళ్ళాలని నా కోరిక. ఇన్నేళ్ళు పిల్లల విభాగంలో నర్సుగా పనిచేసినదాన్ని కనుక, ఎందుకు వెళ్ళమంటున్నానో కొంచెం వివరంగానే రాస్తాను.

పెరిగిన బరువును తగ్గించుకోవడం పెద్దవాళ్ళకే ఎంతో కష్టం. ఎదిగే బిడ్డకు తిండి తగ్గించి బరువు దించాలని చూడడం అంతకంటే కష్టం, ఒక్కోసారి ప్రమాదం కూడా. మొదటి రెండేళ్ళలో మరీ వేగంగా బరువు పెరిగిన పిల్లలకు తరువాతి వయసులో ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువని ఎన్నో పరిశీలనల్లో తేలింది. తిండి అలవాట్లు, నిద్రవేళలు కుదురుకోవడం మొదలయ్యేదీ ఆ వయసులోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 3.7 కోట్ల మంది అధిక బరువుతో ఉన్నారు. ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా మీలాగే బిడ్డను ప్రేమించేవాళ్ళే. ప్రేమ ఒక్కటే సరిపోదు, ఎలా పెట్టాలో, ఎప్పుడు ఆపాలో తెలియాలి.

మంచి తరగతిలో మొట్టమొదట నేర్పేది బిడ్డ ఆకలిని గుర్తించడం. ఆకలి వేస్తే పాప చేతిని నోటి దగ్గరకు తెచ్చుకుంటుంది, చెంచా కనబడగానే ముందుకు వంగి నోరు తెరుస్తుంది. కడుపు నిండాక తల పక్కకు తిప్పుకుంటుంది, పెదవులు బిగిస్తుంది, చెంచాను తోసేస్తుంది. తోసేసిన తరువాత కూడా ఆట పట్టించి, ఫోన్ చూపించి ఇంకో నాలుగు ముద్దలు లోపలికి పంపితే గిన్నె ఖాళీ అయిందని మనకు తృప్తిగా ఉంటుంది కానీ, కడుపు నిండిందని తన శరీరం చెప్పే మాటను వినకుండా ఉండడం బిడ్డకు అలవాటవుతుంది. అలాగే, ఏడుపులన్నీ ఆకలి ఏడుపులు కావు. నిద్ర రావడం, బట్టలు తడవడం, ఎత్తుకోవాలని అనిపించడం కూడా ఏడుపుకు కారణాలే. ప్రతి ఏడుపుకూ పాలే సమాధానమైతే, బాధ కలిగినప్పుడల్లా తిండిలో ఊరట వెతుక్కోవడం చిన్ననాడే మొదలు కావచ్చు. ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు నిర్ణయించాలనీ, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డకే వదిలేయాలనీ ఎలిన్ సాటర్ అనే ఆహార నిపుణురాలు చేసిన విభజన నాకు ఎప్పుడూ సరైనదిగానే తోచింది.

అలాగని తినకూడని వాటిని కళ్ళ ఎదురుగా పెట్టి ముట్టుకోవద్దనడం కూడా పనిచేయదు. లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు చిన్నపిల్లలతో చేసిన ప్రయోగాల్లో, అందకుండా దాచిన తినుబండారం మీదే పిల్లల మనసు మరింత లగ్నమైంది. వద్దనుకున్నదాన్ని ఇంటికి తేకపోవడమే మేలు. కొత్త రుచిని పాప ఉమ్మేసిందని మానేయవద్దు. ఎనిమిది, పదిసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సార్లు రుచి చూపించాకగానీ పిల్లలకు ఇష్టం ఏర్పడదు.

ఇలాంటి శిక్షణ నిజంగా బరువు మీద ప్రభావం చూపుతుందా అని నువ్వు అడుగుతావని తెలుసు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో తొలిసారి తల్లులైన వారి ఇళ్ళకు నర్సులు వెళ్ళి, ఇప్పుడు నేను రాసిన పద్ధతే నేర్పారు. పోల్చి చూడడానికి మరికొందరికి ఇంటి భద్రత గురించి నేర్పారు. 2018లో వెలువడిన ఫలితాల్లో, మూడేళ్ళ వయసుకు మొదటి గుంపు పిల్లల్లో ఎత్తును బట్టి చూసే బరువు సూచిక కొద్దిగా తక్కువగా ఉంది. సిడ్నీలో నర్సులు ఎనిమిదిసార్లు ఇంటికి వెళ్ళి నేర్పినప్పుడు రెండేళ్ళ వయసులో తేడా కనిపించింది, అయిదేళ్ళ నాటికి అది నిలవలేదు. 2025లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణ, అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసి, ఏడాదిలోపు మొదలుపెట్టిన ఇలాంటి కార్యక్రమాల వల్ల రెండేళ్ళ వయసుకు బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని తేల్చింది.

ఇది చదివి, అయితే వెళ్ళడం దండగ అనుకోవద్దు. నాకు అర్థమైనది వేరు. కొన్ని నెలలపాటు తల్లి ఒక్కదానికే నేర్పి, మిగతా ఇల్లంతా పాత పద్ధతిలోనే నడిచి, బయట ఎటు చూసినా తీపి పానీయాల ప్రకటనలే కనబడుతుంటే, ఆ నేర్చుకున్నది ఎన్నాళ్ళు నిలుస్తుంది? ప్రకటనలను అదుపు చేయడం, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు మంచి ఆహారం అందుబాటులోకి తేవడం ప్రభుత్వాలు చేయవలసిన పనులు. ఇంటి లోపలి భారాన్ని పంచుకోవడం మాత్రం నీ చేతుల్లో ఉంది. కోడలు ఒక్కతే విని వచ్చి మీ అందరికీ చెప్పి ఒప్పించవలసి వస్తే, పాప బరువులో ప్రతి హెచ్చుతగ్గుకూ ఆమే జవాబుదారీ అవుతుంది. అది న్యాయం కాదు.

నిద్ర, ఆటల గురించి కూడా అక్కడ చెబుతారు. పాప వయసుకు పగటి నిద్రతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. ఏడాది నిండే వరకు ఫోన్, టీవీ అసలు చూపించవద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

ఒక్క జాగ్రత్త చెబుతాను. తరగతి నడిపేవారు తల్లిదండ్రుల లావును, వాళ్ళ తిండిని తప్పుపడుతూ సిగ్గుపడేలా మాట్లాడితే, అక్కడికి వెళ్ళడం మానేసి మరో చోట చేరండి. అలాంటి మాటలు పడ్డవాళ్ళు మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కడానికే వెనకాడడం నేను చాలాసార్లు చూశాను.

మేము వచ్చే నెల వస్తున్నాము. పాపకు ఏ వేళల్లో ఏం పెడుతున్నారో, చాలు అని తను ఎలా చెబుతోందో అప్పటికి ఒక కాగితం మీద రాసి ఉంచు. నేను, మీ నాన్నగారు కూడా దాని ప్రకారమే నడుచుకుంటాము. ఇంకో ముద్ద పెట్టాలని మీ నాన్నగారు పట్టుబడితే నేను నచ్చజెబుతాను.

ఇట్లు,
అమ్మ