గంధరాజానికి ఏ నీళ్లు పోస్తున్నావో చూడు

చిట్టితల్లికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. గంధరాజం లేత ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. బలం చాలలేదని మరింత ఎరువు వేసేవు, వద్దు. మొక్కకు ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా, మీ బోరు నీళ్లలోని సున్నం దాన్ని వేళ్లకు అందనివ్వదు.

ఈ మొక్క పుట్టిల్లు చైనా, జపాన్ ప్రాంతాలు. దానికి కాస్త పులుపు గుణమున్న మట్టి కావాలి. మన పెరట్లో నందివర్ధనం ఏ నీళ్లు పోసినా పూస్తోందని దీన్నీ అలాగే చూడకు. రెండూ తెల్లగానే పూస్తాయి కానీ, నందివర్ధనం తుంచితే పాలు కారతాయి, దీనికి కారవు. రెండింటి తీరూ వేరు.

ముందు నీళ్లు మార్చు. వాన నీళ్లు పట్టి పెట్టుకో. వానలు లేనప్పుడు ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు పొయ్యి, వాటిలో లవణాలు ఉండవు. మంచినీళ్ల ఫిల్టరు బయటికి వదిలే నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు, వాటిలో ఉప్పంతా పేరుకుని ఉంటుంది. బూడిద, గుడ్డు పెంకులు కూడా ఈ కుండీ దరికి రానివ్వకు.

ఎరువుల కొట్లో అన్నభేది దొరుకుతుంది, అది ఇనుము ఉన్న లవణం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ తగ్గాక ఆకులు తడిసేలా చల్లు. వారం ఆగి మళ్లీ చల్లు. పసుపుబారిన పాత ఆకులను చూసి బెంగపడకు, కొత్తగా వచ్చే చిగురు రంగు చూడు.

కుండీకి పొద్దుటి ఎండ చాలు, మిట్టమధ్యాహ్నం నీడ పడాలి. మొగ్గ కట్టాక చోటు మార్చకు, మట్టి ఎండనివ్వకు. ఎంత అపురూపంగా పెంచినా ఆ రెండింటికే మొగ్గలు రాలిపోతాయి, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిండినల్లి కనిపిస్తే వేపనూనె చాలు. కత్తిరింపు పూత అయిపోయిన వెంటనే చెయ్యి. ఆలస్యమైతే వచ్చే ఏటి మొగ్గలే తెగిపోతాయి.

తెల్లగా విచ్చిన పువ్వు మర్నాటికో ఆ మర్నాటికో వెన్నరంగుకు తిరుగుతుంది. వాడిపోయిందని తీసి పారేయకు, అప్పుడూ వాసన బాగానే ఉంటుంది. తలలో పెట్టుకోకపోతే గిన్నెలో నీళ్లు పోసి నీ మంచం పక్కన పెట్టుకో, ఆఫీసు అలసట మరిచి కాసేపు హాయిగా ఉంటావు.

వానలు పడ్డాక మన గంధరాజం చెట్టు కొమ్మలు కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి తెస్తాను. ఇసుక కలిపిన మట్టి సిద్ధంగా ఉంచు. అల్లుడిని అడిగానని చెప్పు.

మీ అమ్మ