మంచు కింద మేత, మన చేతిలో ఓటు: కేంద్ర భూ విజ్ఞాన శాఖ మంత్రి గారికి ఓ రొయ్యల రైతు బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను భీమవరం దగ్గర ఆరెకరాల్లో వెనామీ రొయ్యలు పెంచుకునే రైతుని. కరెంటు గురించో, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్ల గురించో రాస్తున్నాననుకునేరు, అవి మీ శాఖ కాదని తెలుసు. ఈ ఉత్తరం అంటార్కిటికా గురించి. నవ్వకండి సార్, సంగతి మేత బస్తా దగ్గర మొదలైంది.

కిందటి పంటకి ఒక కొత్త రకం మేత తెచ్చాను. బస్తా మూతి విప్పగానే ఎండు రొయ్యపొట్టు వాసన గుప్పుమంది. చెక్ ట్రేలో, అంటే రొయ్యలు మేత ఎంత తింటున్నాయో చూసే పళ్ళెంలో, వేస్తే మామూలు కన్నా ముందే ఖాళీ. ఏం కలిపారయ్యా ఇందులో అంటే షాపులో కుర్రాడు "క్రిల్ పొడి అండి, అంటార్కిటికా సరుకు" అన్నాడు. రొయ్యలాగే ఉండే జీవిని పట్టి, ఎండబెట్టి, పొడి చేసి, ప్రపంచం ఆ చివర నుంచి మోసుకొచ్చి మా రొయ్యలకి పెడుతున్నామన్నమాట. అప్పటి నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా దీని గురించే చదువుతున్నాను, మా ఆవిడ తిడుతున్నా సరే.

మాకు పొద్దున్నే మొదటి పని నీటి రంగు చూడటం. డిస్క్ దించితే ముప్పై నలభై సెంటీమీటర్ల దగ్గర కనపడకుండా పోవాలి, అలా పోతే ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సన్నటి నాచూ జీవులూ, బాగున్నట్టు. నాలుగు రోజులు ముసురు పట్టి ఎండ లేకపోతే ప్లాంక్టన్ చచ్చి నీళ్ళు తేటపడిపోతాయి, ఆ రాత్రి డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. అందుకే మంచు కింద ప్లాంక్టన్ ఎలా బతుకుతుందో చదువుతుంటే నాకు వేరే లోకం కథలా అనిపించలేదు.

అక్కడ సముద్రం మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఆ గడ్డలో ఉప్పుకి చోటుండదు కాబట్టి అది చిక్కటి ఉప్పునీరై సన్నసన్నటి సందుల్లో మిగిలిపోతుంది. మంచు మైనస్ పదికి చల్లబడితే ఆ సందుల్లో నీళ్ళు సముద్రానికి నాలుగు రెట్లు ఉప్పగా ఉంటాయి. మంచు పలుకులు పైకి తేలేటప్పుడు నీటిలోని డయాటమ్‌లని, అంటే గాజు పెంకులో ఉండే ఏకకణ నాచుని, తమతో ఎత్తుకొస్తాయి. పైన గడ్డ, దాని మీద కురిసిన మంచు, ఇవన్నీ దాటి కిందికి దిగే వెలుతురు చాలాసార్లు వందో వంతు కూడా ఉండదు. అంత మసకలో, అంత ఉప్పులో ఆ నాచు పెరుగుతుంది, తన చుట్టూ నీరు గట్టిపడి ఒంటిని చీల్చకుండా ఒక రకం ప్రోటీన్ కూడా వదులుతుంది. డ్రిల్‌తో మంచుని కడ్డీలా కోసి పైకి తీసి చూస్తే పైనంతా తెల్లగా ఉండి, చిట్టచివర కాస్త మేర డికాషన్ రంగులో ఉంటుందట. ఫోటోలు చూశాను. ఆ గోధుమ రంగు పట్టీ మీదే నడుస్తుంది అక్కడి శీతాకాలం.

ఎలాగంటే, తల్లి క్రిల్ వేసవిలో వేల గుడ్లు వదులుతుంది. అవి లోతుకి దిగిపోయి, అక్కడ పొదిగి, పిల్ల ఈదుకుంటూ పైకి రావాలి. వచ్చి నాలుగు మెతుకులు తినేలోపే శీతాకాలం ముంచుకొస్తుంది. పెద్ద క్రిల్‌కి తిండి లేకపోయినా పర్వాలేదు, ఒంటిని కుదించుకుని మరీ బతుకుతుంది, ల్యాబ్‌లో 200 రోజుల పైన మేత లేకుండా ఉన్నవీ ఉన్నాయి. పిల్లకి ఆ ఓపిక లేదు, ఒంట్లో కొవ్వు నిల్వ లేదు. అది మంచు అడుగున ఒత్తుకుని ఆ డికాషన్ పొరని గీక్కుని తినాలి. మా భాషలో చెప్పాలంటే ఆ మంచు నర్సరీ చెరువు. ఒక ఏడాది నర్సరీ పోతే రెండు మూడేళ్ళ తర్వాత పట్టుబడిలో తెలుస్తుంది, ఈలోపు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ నర్సరీయే కుంచించుకుపోతోంది. అంటార్కిటికా చుట్టూ సెప్టెంబరుకల్లా సుమారు 185 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు పరుచుకోవడం రివాజు. 2023లో అది 170 లక్షలు కూడా దాటలేదు, ఉపగ్రహాలతో కొలవడం మొదలుపెట్టాక అదే అతి తక్కువ.

ఇక వేట. అక్కడ ఎంత పట్టాలో తేల్చేది ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో ఉన్న అంటార్కిటిక్ సముద్ర జీవ వనరుల సంరక్షణ కమిషన్, 1982 నుంచి నడుస్తోంది, మన దేశం అందులో 1986 నుంచి సభ్యురాలు. అట్లాంటిక్ వైపు భాగానికి క్రిల్ పరిమితి ఏడాదికి 6.2 లక్షల టన్నులు. అదంతా ఒకేచోట తోడెయ్యకుండా మరో నిబంధన ఉండేది: పెంగ్విన్లు, తిమింగలాలు ఎక్కువగా మేసే అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర 1.55 లక్షల టన్నులు దాటకూడదని. 2024లో దాని గడువు తీరింది, సభ్య దేశాలకి ఏకాభిప్రాయం కుదరక పొడిగించలేదు. ఏమైంది? తర్వాతి సీజన్‌లో మొత్తం 6.2 లక్షల టన్నులూ మొదటిసారి నిండిపోయి, సీజన్ నాలుగు నెలలు మిగిలుండగానే 2025 ఆగస్టులో వేట ఆపేయాల్సి వచ్చింది.

దీనికి ఒక సమాధానం సిద్ధంగా ఉంటుందని నాకు తెలుసు. సముద్రంలో క్రిల్ అంచనా దాదాపు 38 కోట్ల టన్నులు, పట్టేది అందులో అర శాతం కూడా కాదు, ఎందుకీ గోల అని. సార్, ఆరెకరాల చెరువులో సగటు డీవో బాగానే ఉందని చెప్పి, నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్ తిరగని మూలలో రొయ్యలు తేలుతుంటే ఊరుకోగలమా? గూట్లో పిల్లలున్న పెంగ్విన్ మేత కోసం ఎంతో దూరం పోలేదు. దాని ముందున్న నీళ్ళలోనే పెద్ద ట్రాలర్లు చేరితే, ఎక్కడో వేల మైళ్ళ దూరంలో ఉన్న కోట్ల టన్నులు దానికి ఎందుకూ పనికిరావు.

మనకి అక్కడేం పని అనేవాళ్ళకి కూడా ఓ మాట. 1981లో మన మొదటి అంటార్కిటికా యాత్రకి నాయకుడు ఎస్.జెడ్. ఖాసిం సముద్ర జీవ శాస్త్రవేత్తే. 1995-96లో సాగర్ సంపద ఓడని క్రిల్ కోసమే పంపాం. 2009లో జర్మనీతో కలిసి దక్షిణ సముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లాం, ప్రయోగం పేరు లోహాఫెక్స్. ఆ నీళ్ళలో నత్రజని దండిగా ఉన్నా ఇనుము లేక నాచు ఎదగదు, అందుకని. మేం బెల్లం, తవుడు పులియబెట్టి చెరువులో పోసినట్టే అనుకోండి. నాచు పెరిగింది కానీ, డయాటమ్‌ల పెంకులకి కావాల్సిన సిలికా అక్కడ లేకపోవడంతో వేరే సన్న నాచు వచ్చింది, దాన్ని చిన్న చిన్న జంతు ప్లాంక్టన్ తినేసింది, అడుగుకి దిగుతుందనుకున్న కార్బన్ పెద్దగా దిగలేదు. ఎరువు వేసినంత మాత్రాన పంట మనం అనుకున్నది రాదని మా వీధిలో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. అయినా ఆ ప్రయోగం దండగ అనను, తెలియాల్సింది తెలిసింది.

మరి అడిగేదేమిటంటారా. 2021 సెప్టెంబరులో మన ప్రభుత్వమే తూర్పు అంటార్కిటికా, వెడ్డెల్ సముద్రాల్లో రక్షిత ప్రాంతాలు పెట్టాలన్న ప్రతిపాదనకి సహ ప్రతిపాదకులుగా ఉంటామని ప్రకటించింది. మంచి పని. కానీ సంతకం పెట్టి వెనక బెంచీలో కూర్చుంటే కుదరదు. అక్కడ ఒక్క దేశం అడ్డు చెప్పినా తీర్మానం ఆగిపోతుంది, ఇన్నేళ్ళుగా చైనా, రష్యాలు ఆపుతున్నాయి. వాళ్ళతో మాట్లాడగలిగే దేశాల్లో మనమూ ఒకళ్ళం కదా. అక్టోబరులో హోబార్ట్ వెళ్ళే మన బృందానికి రెండు పనులు అప్పజెప్పండి: రక్షిత ప్రాంతాల మాట మళ్ళీ గట్టిగా ఎత్తమనండి, ద్వీపకల్పం దగ్గర ఆ పాత హద్దు తిరిగి పెట్టేదాకా పరిమితి పెంచే ఏ లెక్కకీ తలూపొద్దనండి.

ఇంకొకటి, ఇది ఖర్చు తక్కువ. అంటార్కిటికాలో మన పరిశోధన కేంద్రం భారతి సముద్రం ఒడ్డునే ఉంది. శీతాకాలమంతా అక్కడ మనవాళ్ళు ఉంటారు, అందులో నెలన్నర సూర్యుడే కనపడడు. శ్రీహరికోట నుంచి 2022లో పంపిన ఓషన్‌శాట్-3 నీటి రంగు చూసి నాచు ఎంతుందో చెబుతుంది, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలాంటి లెక్కలతోనే మన జాలర్లకి చేప ఎక్కడ దొరుకుతుందో చెబుతోంది. కానీ ఏ ఉపగ్రహమూ మంచు అడుగుకి తొంగిచూడలేదు. మంచు నడవగలిగేంత గట్టిపడ్డాక వారానికో కడ్డీ కోసి, ఆ డికాషన్ పట్టీలో క్లోరోఫిల్ ఎంతుందో కొలిచి, ఏటా తప్పకుండా ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టించండి. హోబార్ట్‌లో మన మాటకి బరువు రావాలంటే మన దగ్గర మన అంకెలుండాలి. రేటు మాట్లాడేటప్పుడు కౌంట్ చీటీ జేబులో లేని రైతు మాట ఎవరూ వినరు.

మేత బస్తా మీద క్రిల్ ఎంత కలిపారో, ఏ సముద్రంలో పట్టారో రాయించడం మీ చేతిలో లేదు, మత్స్య శాఖ వాళ్ళది. ఆ మంత్రి గారు కలిసినప్పుడు ఓ మాట వేయండి. రాసుంటే కొనాలో వద్దో మేం చూసుకుంటాం. నేనైతే ఆ రకం ఈ పంటకి తేలేదు, రొయ్యలు ట్రేకి కాస్త ఆలస్యంగా వస్తున్నాయి, అంతే.

పాలకాయతిప్ప దగ్గర మబ్బు పట్టిందంటున్నారు, ఏరియేటర్లు చూసుకోవాలి. ఉంటాను సార్.

ఇట్లు,
భీమవరం దగ్గరి ఒక రొయ్యల రైతు