కొంగలు దిగేలోపే నాటుకోళ్లకి కొక్కెర తెగులు టీకాలు వేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది నేలపట్టు పక్షుల కేంద్రానికి దగ్గర్లో ఊరు. అక్టోబర్ దాటిందంటే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు చెరువు నిండా దిగుతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి పారితే ఎరువు ఖర్చు తగ్గుద్దని మా పెద్దోళ్లు ఆ పక్షుల మీద రాయి కూడా వెయ్యనియ్యరు, అది మంచిదే, నేను కాదనను. కానీ అదే నీళ్లు కాలవగట్టు కింద గుంటలో నిలబడితే మా కోళ్లు పోయి తాగుతాయి, ఆ రెట్టల నుంచి జబ్బు అంటుకోవచ్చు, చిక్కంతా అక్కడుంది.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో, మళ్లీ 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు టీవీలన్నీ ఒకటే గోల. అందులో పెరట్లో పదీ పన్నెండు కోళ్లు పెంచుకునే ఆడోళ్లకి పనికొచ్చే మాట ఎంతసేపు చెప్పారు? ఫారం కోడికి షెడ్డుంది, జాలీ ఉంది, నాటుకోడి పొద్దున గంప ఎత్తితే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికొస్తుంది, దాన్నెవరు కాపలా కాస్తారండీ.

బర్డ్ ఫ్లూకి మన దేశంలో కోళ్లకి టీకా వెయ్యనియ్యరు కాబట్టి మనం చేయగలిగింది జాగ్రత్తే. నూకలు, నీళ్లు వాకిట్లో కాకుండా చూరు కింద పెట్టాలి, తిన్నాక మిగిలినవి ఊడ్చెయ్యాలి, లేకపోతే కాకులూ పావురాలూ దిగుతాయి. చలికాలం నాలుగు నెలలన్నా కోళ్లని చెరువు వైపు పోనియ్యకుండా పాత వలతో దడి కట్టుకోవచ్చు. కోత అయిన మళ్లలో మేపే బాతుల మందలకీ దూరంగా ఉంచాలి, బాతు పైకి బాగానే కనపడతా లోపల వైరస్ మోస్తుంది. ఇంకొకటి, చచ్చిన కోడిని కాలవలో విసిరేసేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు.

కొక్కెర తెగులుకి మాత్రం టీకా ఉంది. మెడ మెలిపడి, పచ్చగా పారుకుంటా రెండు మూడు రోజుల్లో గంపకి గంప ఖాళీ చేసే జబ్బు ఇది, పావురాల నుంచి కూడా అంటుకుంటుంది. పిల్లకి మొదటి వారంలో కంట్లో లాసోటా అనే టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్2బి అనే టీకా ఇంజెక్షన్. మందు ఖరీదు పెద్దదేం కాదు గానీ సీసాలో కనీసం వంద డోసులుంటాయి, ఐసులో పెట్టి తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్లున్న ఆమె ఆ సీసా కొని మిగతా తొంభై డోసులు ఏం చేసుకుంటుంది? అందుకే ఎవరూ వేయించరు.

ఊరంతా ఒకే రోజు పెట్టుకుంటే ఒక సీసా పదిళ్లకి సరిపోద్ది. పశుసంవర్ధక శాఖ వాళ్లు సెప్టెంబర్లోనే, పక్షులు రాకముందే, పులికాట్, నేలపట్టు, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లకి తలా ఒక రోజు కేటాయించి ముందురోజు దండోరా వేయించాలి. పొద్దున ఆరింటికల్లా రావాలి, ఎనిమిది దాటితే ఒక్క కోడీ చేతికి దొరకదు.

ఇట్లు,
ఒక నాటుకోళ్ల రైతు, దొరవారిసత్రం మండలం