ఒప్పందం మాకు చదివి వినిపించాకే సంతకం పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

నేను మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీని, పద్దెనిమిదేళ్లుగా బస్తాలు మోస్తున్నా. ఈ ఉత్తరం మిల్లర్ల మీద కాదు, మా యూనియన్ గురించి. పేరు రాయను. ఒక్క మా యూనియన్ సంగతే అయితే పేపరు దాకా వచ్చేవాణ్ణే కాదు.

ఈమధ్య కూలి రేట్ల ఒప్పందం అయింది. కూలి లెక్క కట్టే రోజు గుమాస్తా పాత రేటు కొట్టేసి పక్కన కొత్తది రాస్తుంటే చూసి తెలుసుకున్నాం, అంతకుముందు మాకెవరూ చెప్పలేదు. ఇదేందని నాయకుడిని అడిగితే "మీరంతా ఒప్పుకున్నరు గదా, మినిట్స్ బుక్కుల సంతకాలున్నయ్" అన్నాడు. ఉన్నాయి, నిజమే. లారీ లోడ్ ఎక్కిస్తుంటే ఒకాయన పుస్తకం పట్టుకొచ్చి ఖాళీ పేజీ తెరిచి పెట్టమన్నాడు, వెనక ఇంకో లారీ హారన్ కొడుతోంది, చేతులకు తవుడు, చెమట, అట్లనే పెట్టేశాం. నా సంతకం అలుక్కుపోయి మరకలాగా ఉంది. పైన ఏం రాసుకున్నారో ఇప్పటికీ చూపించలేదు.

చందా మాత్రం నెలనెలా కూలిలోంచే పోతుంది. రశీదు ఇస్తారు, లెక్క చెప్పరు. సభ్యుడు లెక్కల పుస్తకాలు చూసుకునే వీలు ఉండాలని 1926 నాటి కార్మిక సంఘాల చట్టంలోనే రాశారు. మూడేళ్లకు మించకుండా నాయకత్వానికి ఎన్నిక జరగాలని 2001లో సవరణ తెచ్చారు. మా దగ్గర మహాసభ అంటే పేర్లు చదవడం, మేం చప్పట్లు కొట్టడం, భోజనాలు. వద్దని చెయ్యెత్తితే తెల్లారి హమాలీల ముఠాలో పని ఉంటుందో ఉండదో అని అందరికీ టెన్షన్. సింగరేణిలో 2023 డిసెంబర్ 27న గుర్తింపు సంఘం, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం ఎన్నిక రహస్య బ్యాలెట్‌తోనే జరిగింది కదా, ఏ సంఘం కావాలో కార్మికుడు ఎవరికీ భయపడకుండా చెప్పగలిగాడు. మరి సంఘం లోపల కార్యదర్శి ఎవరు కావాలో చెప్పడానికి మాకు ఆ చీటీ ఎందుకు ఇవ్వరు?

మా నాయకుడు చెడ్డవాడని నేననను. పదేళ్ల కింద మా ముఠాలో ఒకాయన మీద బస్తాల నెట్టు కూలితే రాత్రంతా ఆస్పత్రిలో కూర్చుని, మిల్లు వాళ్లతో కొట్లాడి ఆ కుటుంబానికి డబ్బులు ఇప్పించింది ఆయనే, ఆ రుణం మాకు గుర్తుంది. కానీ ఆ మంచితనం చూపించే ఇప్పుడు నోరు మూయిస్తున్నారు. లెక్క అడిగితే మిల్లరు మనిషి అంటున్నారు, ఆ మాట కడుపులో కత్తి దిగినట్టుంది నాకు.

ఒప్పందం మీద సంతకం పడకముందే దాన్ని అడ్డా మీద గట్టిగా చదవాలి, చదువు రానివాళ్లు సగం మంది ఉన్నాం. చందా లెక్క గోడకు అంటించాలి. వానాకాలం వడ్లు దిగకముందే జనరల్ బాడీ పెట్టమని ఇరవై మందిమి కాగితం రాసి ఇచ్చాం. ముందు అందరికీ చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకాలు పెట్టించాం. జవాబు కోసం చూస్తున్నాం.

— ఒక హమాలీ, మిర్యాలగూడ